అదే పరీక్షా? వేరే చదువా?

1869 అక్టోబరులో లండన్‌కు ఉత్తరాన హిచిన్ అనే చిన్న ఊళ్ళో, అద్దెకు తీసుకున్న ఒక ఇంట్లో, అయిదుగురు యువతులతో ఒక కాలేజీ మొదలైంది. కేంబ్రిడ్జి నుంచి అధ్యాపకులు రైల్లో వచ్చి పాఠం చెప్పి వెళ్ళేవారు. ఆ కాలేజీ నెలకొల్పినావిడ ఎమిలీ డేవిస్. 1873లో అది కేంబ్రిడ్జి శివార్లలోని గిర్టన్‌కు మారి, ఆ ఊరి పేరుతోనే స్థిరపడింది. ఈలోగా 1871లో కేంబ్రిడ్జి పట్నంలోనే మరో అద్దె ఇంట్లో, మళ్ళీ అయిదుగురు విద్యార్థినులతోనే, రెండో ప్రయత్నం మొదలైంది. ఇల్లు కుదిర్చినాయన తత్త్వశాస్త్ర అధ్యాపకుడు హెన్రీ సిడ్జ్‌విక్. ఆ పిల్లల బాగోగులు చూడటానికి వచ్చినావిడ ఆన్ జెమైమా క్లఫ్. అదే తరవాత న్యూనమ్ కాలేజీ అయింది.

రెండింటి మధ్య దూరం కొద్ది మైళ్ళే. రెండింటి ఆశయమూ ఆడవాళ్ళకు ఉన్నత విద్య అందాలన్నదే. అయినా ఒక ప్రశ్న దగ్గర ఆ రెండు పక్షాలకూ ఏళ్ళ తరబడి పొసగలేదు. ఇన్నాళ్ళూ మగవాళ్ళు చదువుతూ వచ్చిన గ్రీకు, లాటిన్ చదువునే, అదే పరీక్షతో, అదే గడువుతో అమ్మాయిలకూ పెట్టాలా? లేక ఆ చదువుకే కాలం చెల్లుతున్నప్పుడు, దాన్ని పక్కనపెట్టి అమ్మాయిలకు మెరుగైన కొత్త చదువు ఏర్పాటు చేయాలా?

స్త్రీ విద్య చరిత్రను మనం సాధారణంగా మంచివాళ్ళకూ చెడ్డవాళ్ళకూ జరిగిన పోరాటంగా చెప్పుకుంటాం. ఆ పోరాటం నిజమే. కానీ అంతకన్నా లోతైన వాదన మంచివాళ్ళ మధ్యనే జరిగింది. ఇద్దరూ ఆడపిల్లల మేలు కోరినవాళ్ళే, ఇద్దరి దగ్గరా బలమైన కారణాలున్నాయి. మన దేశంలో, మన తెలుగు నేల మీద కూడా ఇదే వాదన వేరే మాటల్లో నడిచింది, ఇంకా నడుస్తోంది. అందుకే ఆ రెండు పక్షాలనూ నిదానంగా తూచి చూడాలి.

ముందు గ్రీకు, లాటిన్‌లకు అంత ప్రాధాన్యం ఎందుకో చూద్దాం. పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఇంగ్లండులో చదువుకున్నవాడంటే ఆ రెండు భాషలు వచ్చినవాడని అర్థం. కేంబ్రిడ్జిలో ఏ విద్యార్థి అయినా, తరవాత లెక్కలు చదివినా విజ్ఞానశాస్త్రం చదివినా, ముందు ఒక ప్రాథమిక పరీక్ష గట్టెక్కాలి. విద్యార్థులు దాన్ని లిటిల్ గో అనేవారు. అందులో గ్రీకు, లాటిన్ తప్పనిసరి. మన దేశాన్ని పాలించడానికి వచ్చే కుర్రాళ్ళను ఎంపిక చేసిన ఐసీఎస్ పోటీ పరీక్షలో కూడా, 1855 నాటి పద్ధతి ప్రకారం, గ్రీకుకు 750 మార్కులు, లాటిన్‌కు 750 మార్కులు ఉంటే సంస్కృతానికి 375 మాత్రమే. అంటే ఆ భాషలు జ్ఞానం కోసమే కాదు, పదవికీ హోదాకూ అవే దారి. మగపిల్లలు ఏడెనిమిదేళ్ళ వయసులో లాటిన్ మొదలుపెట్టి పదేళ్ళు దాని మీదే కూర్చునేవారు. ఆడపిల్లలకు ఫ్రెంచి, పియానో, బొమ్మలు గీయడం, కుట్టుపని నేర్పేవారు.

ఆ గోడ దాటిన స్త్రీలు లేకపోలేదు. 1678లో ఎలీనా కోర్నారో పిస్కోపియా ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. అంతకు నలభై ఏళ్ళ ముందే హాలండులో అన్నా మరియా వాన్ షుర్మన్ యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో మగ విద్యార్థులకు కనబడకుండా తెర చాటున కూర్చుని పాఠాలు విన్నారు. 1758లో ఎలిజబెత్ కార్టర్ గ్రీకు తత్త్వవేత్త ఎపిక్టీటస్‌ను ఇంగ్లీషులోకి తెచ్చారు. కవయిత్రి ఎలిజబెత్ బారెట్, తమ్ముడికి చదువు చెప్పడానికి వచ్చిన పంతులు దగ్గర గ్రీకు మొదలుపెట్టారు. మన బండారు అచ్చమాంబ కూడా అంతే. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకున్నారు. వీళ్ళందరి ప్రతిభా గొప్పదే. కానీ ప్రతి ఒక్కరి వెనకా ఒక తండ్రి ఔదార్యమో, తమ్ముడి పక్కన దొరికిన చోటో ఉంది. అది దొరకని వేలమంది మాటేమిటి? ఒకరి దయ మీద ఆధారపడనక్కరలేని చదువు కావాలనే తపనలోంచే గిర్టన్, న్యూనమ్ రెండూ పుట్టాయి.

ఎమిలీ డేవిస్ వాదన మొదట విందాం. ఆమెకు గ్రీకు మీద ప్రత్యేకమైన భక్తి ఏమీ లేదు. మగవాళ్ళ చదువులో లోపాలున్నాయని ఆమెకూ తెలుసు. అయినా ఆమె పట్టు ఒక్కటే. ఆడవాళ్ళకని వేరే పరీక్ష పెట్టిన మరుక్షణం అది తక్కువ పరీక్ష అయి కూర్చుంటుంది. దానిలో ఎంత బాగా రాసినా ఎవరూ లెక్కచేయరు, ఎందుకంటే పోల్చి చూడటానికి కొలబద్ద ఉండదు. 1868లో లండన్ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకు ప్రత్యేక పరీక్ష ఇస్తామంటే చాలామంది సంతోషించారు, ఆమె సంతోషించలేదు. అంతకు ముందే 1865లో కేంబ్రిడ్జివారి స్థానిక పరీక్షలు బాలికలకు తెరిపించిన అనుభవం ఆమెకుంది. అబ్బాయిలు రాసిన ప్రశ్నపత్రమే అమ్మాయిలూ రాసినప్పుడు రెండు పనులు జరిగాయి. అమ్మాయిల బడుల్లో ఎక్కడ లోపముందో బయటపడింది, ముఖ్యంగా లెక్కల్లో. ఆ లోపం తెలివితేటలది కాదనీ బోధనదనీ కూడా తేలింది. లోపం కనిపించింది కాబట్టే దిద్దుకోగలిగారు. వేరే పరీక్ష అయితే ఆ లోపం కప్పబడిపోయేది.

ఇంకో కోణం కూడా ఉంది. ఆ రోజుల్లో కొందరు పేరున్న వైద్యులు పెద్ద చదువులు ఆడవాళ్ళ ఒంటికి సరిపడవని బల్లగుద్ది చెప్పారు. 1873లో అమెరికాలో ఎడ్వర్డ్ క్లార్క్, మరుసటి ఏడు ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లీ ఆ మాటే రాశారు. అలాంటి వాతావరణంలో, ఆడవాళ్ళ ప్రత్యేక అవసరాల కోసం ప్రత్యేక చదువు అన్న మాట ఎంత సదుద్దేశంతో అన్నా, అది ఆ వైద్యుల వాదనకు ఊతమిచ్చేది. డేవిస్ ఆ ప్రమాదాన్ని చూశారు. అందుకే తన విద్యార్థినులు లిటిల్ గో రాయాల్సిందేననీ, మగవాళ్ళకున్న గడువులోనే ఆనర్సు పరీక్ష రాయాల్సిందేననీ పట్టుబట్టారు. పద్దెనిమిదేళ్ళ దాకా గ్రీకు అక్షరం ఎరగని అమ్మాయిలకు అది ఎంత కఠినమో ఆమెకు తెలియక కాదు. 1873లో సారా వుడ్‌హెడ్ లెక్కల్లో, రేచెల్ కుక్, లూయిజా లమ్స్‌డెన్ గ్రీకు లాటిన్‌లలో, అనధికారంగానే అయినా, మగవాళ్ళ ప్రశ్నపత్రాలే రాసి ఉత్తీర్ణులయ్యారు. 1887లో గిర్టన్ విద్యార్థిని అగ్నాటా రామ్సే గ్రీకు లాటిన్ ఆనర్సులో మొదటి తరగతి మొదటి విభాగంలో నిలిచారు. ఆ ఏడు ఆ విభాగంలో ఒక్క మగవాడి పేరు కూడా లేదు. ప్రత్యేక పరీక్షలో వంద బహుమతులు తెచ్చుకున్నా ఆ ఒక్క ఫలితానికి సాటి రావు.

ఇప్పుడు రెండో పక్షం. సిడ్జ్‌విక్‌ది బయటివాడి విమర్శ కాదు. ఆయన 1859లో కేంబ్రిడ్జి గ్రీకు లాటిన్ ఆనర్సులో అందరికన్నా మొదట నిలిచినవారు. ఆ చదువు లోతుపాతులు తెలిసి, 1867లో దాని గురించి ఒక వ్యాసం రాశారు. ఆ భాషల్లోని సాహిత్యం గొప్పదే గానీ, దాన్ని అందరి మీదా రుద్దడం వల్ల ఎక్కువమంది కుర్రాళ్ళు పదేళ్ళు వ్యాకరణం దగ్గరే ఆగిపోతున్నారనీ, ఇంగ్లీషు సాహిత్యానికీ ప్రకృతి శాస్త్రాలకూ చోటు లేకుండా పోతోందనీ ఆయన అభిప్రాయం. లాటిన్‌లో పద్యాలు అల్లడం నేర్పే చదువు బుద్ధిని పదును పెడుతుందన్న మాటను ఆయన అంగీకరించలేదు.

అలాంటి మనిషి ముందుకు ఒక కొత్త విద్యార్థి వర్గం వచ్చింది. వాళ్ళకు పాత అలవాట్లు లేవు, చిన్నప్పటినుంచీ గ్రీకు మీద పెట్టిన పదేళ్ళ పెట్టుబడీ లేదు. మగవాళ్ళ చదువులో కుళ్ళిపోతున్న భాగాన్నే తీసుకొచ్చి వాళ్ళ నెత్తిన ఎందుకు పెట్టాలి? పద్దెనిమిదేళ్ళకు కాలేజీకి వచ్చిన అమ్మాయి మొదటి ఏడాదంతా గ్రీకు విభక్తులతో కుస్తీ పడితే, తను నిజంగా చదవాలనుకున్న చరిత్రకూ రసాయనశాస్త్రానికీ మిగిలే సమయమెంత? పైగా అమ్మాయిలు గ్రీకు పరీక్ష రాస్తే, దాన్ని తీసేయాలని పోరాడుతున్న సంస్కర్తల చేతులు ఇంకా బలహీనపడతాయి. అందుకే న్యూనమ్‌లో ఎవరి తాహతును బట్టి వారు చదవవచ్చు. లిటిల్ గో తప్పనిసరి కాదు. ఆనర్సుకు ఎక్కువ కాలం తీసుకోవచ్చు. అసలు ఆనర్సు రాయకుండా, టీచరుద్యోగానికి పనికొచ్చేంత చదువుకుని వెళ్ళిపోనూవచ్చు.

ఆ ఆఖరి వెసులుబాటును తేలిగ్గా తీసేయకూడదు. ఇంగ్లండు ఉత్తరాది నగరాల్లో టీచర్ల కోసం ఉపన్యాసాలు నడిపిన అనుభవం ఆన్ క్లఫ్‌ది. తక్కువ జీతానికి ఇళ్ళల్లో పిల్లలకు చదువు చెప్పి బతికే ఒంటరి స్త్రీల కష్టం ఆమె కళ్ళారా చూశారు. వాళ్ళకు కావలసింది గౌరవం తెచ్చే గ్రీకు కాదు, రేపటి ఉద్యోగానికి అక్కరకొచ్చే చదువు. అందరికీ ఎత్తయిన ఒకే మెట్టు పెడితే, దాన్ని ఎక్కగలిగేది డబ్బూ తీరికా ఉన్న ఇళ్ళ అమ్మాయిలేనన్నది ఆ పక్షం భయం. ఆ భయం న్యాయమైనదే.

ఫలితాలు చూస్తే ఏ పక్షమూ పూర్తిగా గెలిచిందని చెప్పలేం. 1890లో లెక్కల ఆనర్సులో మొదటి ర్యాంకు కుర్రాడికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ఫిలిప్పా ఫాసెట్ న్యూనమ్ విద్యార్థిని. పరీక్ష విషయంలో మెత్తగా ఉన్న కాలేజీ నుంచే ఆ పిడుగు వచ్చింది. గ్రీకు విషయంలో ఇంకా చెప్పుకోదగ్గ ఉదాహరణ జేన్ హారిసన్. ఆమె 1874లో న్యూనమ్‌లో చేరారు. చిన్నప్పటినుంచీ గ్రీకులో పెరిగిన కుర్రాళ్ళతో పోటీపడి 1879లో ఆనర్సు రాస్తే మొదటి తరగతి రాలేదు. కానీ 1903లో గ్రీకు మతం మీద ఆమె రాసిన గ్రంథం ఆ రంగం తీరునే మార్చింది. పండితులు హోమర్ పద్యాల్లో దేవుళ్ళను వెతుకుతుంటే ఆమె కుండల మీది బొమ్మల్లో, ఊరి జాతరల్లో, శుద్ధి కర్మల్లో వెతికారు. పాత పద్ధతిలో పదేళ్ళు నలగకపోవడం వల్లే ఆమెకు ఆ చూపు వచ్చిందని సిడ్జ్‌విక్ పక్షం అనవచ్చు. గ్రీకు రాకపోయి ఉంటే ఆ గ్రంథంలో ఒక్క పేజీ కూడా రాయగలిగేవారు కాదని డేవిస్ పక్షం అనవచ్చు. రెండూ నిజమే.

మరి పట్టాల సంగతి? 1880లో గిర్టన్‌కు చెందిన షార్లట్ ఆంగస్ స్కాట్ లెక్కల్లో ఎనిమిదో ర్యాంకుకు సమానంగా నిలిచాక, 1881లో కేంబ్రిడ్జి ఆడవాళ్ళను ఆనర్సు పరీక్షకు అధికారికంగా అనుమతించింది. డిగ్రీ మాత్రం ఇవ్వలేదు. 1897లో డిగ్రీ ప్రతిపాదన ఓటుకు వచ్చినప్పుడు, దూరప్రాంతాల నుంచి పట్టభద్రులు రైళ్ళెక్కి వచ్చి మరీ దాన్ని భారీ ఆధిక్యంతో ఓడించారు. సైకిలు మీద కూర్చున్న ఒక స్త్రీ దిష్టిబొమ్మను కుర్రాళ్ళు వీధికి అడ్డంగా వేలాడదీశారు. 1921లో మళ్ళీ ఓడిపోయింది. ఆ తరవాత పేరుకు పట్టా ఇచ్చారు గానీ విశ్వవిద్యాలయంలో సభ్యత్వం ఇవ్వలేదు. పూర్తి డిగ్రీ 1948లో గానీ రాలేదు. ఎమిలీ డేవిస్ 1921లోనే కన్నుమూశారు. అదే పరీక్ష రాస్తే అదే గౌరవం దక్కుతుందన్న ఆమె నమ్మకాన్ని ఆ విశ్వవిద్యాలయం ఎనభై ఏళ్ళపాటు వమ్ము చేసింది. ఇది ఆమె పక్షం మీద ఉన్న బరువైన ఆక్షేపణ. తలుపు తీసే మనసు లోపలివాళ్ళకు లేనప్పుడు, వాళ్ళు అడిగినదల్లా నేర్చుకున్నా ఒక సాకు మిగిలే ఉంటుంది.

ఇంకో వైపు, తప్పనిసరి గ్రీకును కేంబ్రిడ్జి 1919లో, ఆక్స్‌ఫర్డ్ 1920లో ఎత్తేశాయి. అంటే గ్రీకు గురించి సిడ్జ్‌విక్ చెప్పింది సరైనదేనని చివరికి అందరూ ఒప్పుకున్నారు. కానీ ఒక తేడా గమనించాలి. ఆ గ్రీకును అందరికీ కలిపి తీసేశారు. అమ్మాయిలకు మాత్రమే తీసేసి ఉంటే దాన్ని సంస్కరణ అనేవారు కాదు, సడలింపు అనేవారు. ఈ వాదన మొత్తానికి కీలకం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇదే ప్రశ్న అమెరికాలో జాతి భేదంతో కలిసి ఇంకా పదునుగా వచ్చింది. అన్నా జూలియా కూపర్ బానిసగా పుట్టారు. బానిసత్వం రద్దయ్యాక నార్త్ కరోలినా రాష్ట్రం రాలీలోని ఒక బడిలో చేరారు. అక్కడ గ్రీకు తరగతి మతబోధకులు కాబోయే అబ్బాయిల కోసం పెట్టారు. తనకూ కావాలని అడిగి అందులో కూర్చున్నారు. తరవాత ఓబర్లిన్ కాలేజీలో, ఆడవాళ్ళకని పెట్టిన తేలిక కోర్సు కాదని, మగవాళ్ళ కోర్సే చదివి 1884లో పట్టా పుచ్చుకున్నారు. వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లల ఉన్నత పాఠశాలకు ప్రిన్సిపాలై, లాటిన్‌తో కూడిన చదువును కాపాడటానికి పోరాడి, 1906లో ఆ పదవి పోగొట్టుకున్నారు. 1925లో, అరవై దాటిన వయసులో, పారిస్‌లోని సోర్బాన్ నుంచి డాక్టరేటు పొందారు. ఆ రోజుల్లో నల్లవాళ్ళకు ఇటుకల తయారీ, వడ్రంగం, వ్యవసాయం నేర్పితే చాలనే వాదన బలంగా ఉండేది. ఆ వాదన చేసినవారిలో బుకర్ టి. వాషింగ్టన్ కూడా ఉన్నారు. ఆయన తన జనానికి శత్రువు కాడు. పూట గడవని వాడికి ముందు చేతిపని కావాలనడంలో న్యాయముంది. కానీ పనికొచ్చే చదువు అన్న మాటను తన పిల్లల గురించి ఎవరూ అనరు, ఎదుటివాడి పిల్లల గురించే అంటారు. కూపర్ నిలదీసింది ఆ తేడానే.

ఇక మన నేలకు వద్దాం. ఇక్కడ గ్రీకు స్థానంలో సంస్కృతమూ ప్రబంధ సాహిత్యమూ ఉన్నాయి. వేదాధ్యయనం స్త్రీలకూ శూద్రులకూ లేదన్నది శాస్త్రకారుల కట్టడి. కావ్యాల విషయంలో అంత గట్టి కట్టడి లేకపోయినా, అవి నేర్చుకునే చోటు మాత్రం ఆడవాళ్ళకు అరుదు. పదిహేడో శతాబ్దపు తంజావూరులో రఘునాథ నాయకుడి కొలువులో రామభద్రాంబ సంస్కృతంలో రఘునాథాభ్యుదయం రాసింది. మధురవాణి అదే కొలువులో సంస్కృత రామాయణ కావ్యం రాసింది. పద్దెనిమిదో శతాబ్దంలో అదే తంజావూరులో ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. వీళ్ళు కొలువుల్లో ఉన్నవాళ్ళు. విద్య వాళ్ళ వృత్తిలో భాగం. గడప లోపలి గృహిణికి ఆ చోటు లేదు. కుమ్మరి ఇంట పుట్టిన మొల్ల, కొలువుల అండ లేకుండానే రామాయణం రాసి, తనకు శాస్త్ర పాండిత్యం లేదని అవతారికలో చెప్పుకుంది. ఆ మాటలో వినయం ఎంతో, నిజం ఎంతో పండితులు తేల్చుకోవాలి గానీ, తనకు దక్కని చదువేమిటో ఆమెకు స్పష్టంగా తెలుసు.

ఈ నేపథ్యమే పందొమ్మిదో శతాబ్దపు సంస్కర్తలను ఒక ఇరుకులో పెట్టింది. చదువుకున్న ఆడదంటే కొలువుల్లో ఆడిపాడే స్త్రీ అనే ముద్ర ఉండేది. ఇంటి ఆడపిల్లను బడికి పంపమని తల్లిదండ్రులను ఒప్పించాలంటే, చదువు వల్ల ఆమె మంచి ఇల్లాలవుతుందని నమ్మించాలి. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచిన కందుకూరి వీరేశలింగం చేసింది ఆ పనే. స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక నడిపారు. ఇల్లాలి నడవడి గురించీ దేహారోగ్యం గురించీ పుస్తకాలు రాశారు. ఈ రోజు చూస్తే అది ఇరుకైన పాఠ్యప్రణాళిక. కానీ ఆ ఇరుకు దారి లేకపోతే మొదటి తరం ఆడపిల్లలు గడప దాటేవారు కాదన్నది కూడా అంతే నిజం. వేరే చదువు పక్షానికి మన దగ్గర దొరికే అత్యంత బలమైన సాక్ష్యం వీరేశలింగమే.

అయితే ఆ పక్షం ఖరీదు కూడా మన దగ్గరే కనబడుతుంది. ముద్దుపళని కావ్యాన్ని నీతిబాహ్యమని వీరేశలింగం తన కవుల చరిత్రలో నిందించారు. బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని సంపాదించి, పరిష్కరించి, 1910లో అచ్చు వేయించారు. మగకవుల శృంగారానికి లేని తప్పు స్త్రీ రాస్తేనే ఎలా వచ్చిందని పీఠికలో నిలదీశారు. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా ఉన్న రోజుల్లో గానీ తొలగలేదు. నాగరత్నమ్మకు ఆ ప్రశ్న వేసే శక్తి ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత కావ్యాలు చదివిన చదువు నుంచే. సుమతులైన స్త్రీల కోసం వడకట్టిన పాఠాలు మాత్రమే చదివి ఉంటే, మగకవులు ఏం రాశారో ఆమెకు తెలిసేదే కాదు.

పండిత రమాబాయి జీవితం కూడా ఇదే చెబుతుంది. తండ్రి అనంతశాస్త్రి లోకాన్ని ఎదిరించి భార్యకూ కూతురికీ సంస్కృతం నేర్పారు. 1878లో కలకత్తా పండితులు పరీక్షించి ఆమెకు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. 1887లో హిందూ స్త్రీల స్థితి మీద ఆమె ఇంగ్లీషులో రాసిన పుస్తకం ధర్మశాస్త్రాలతో ముఖాముఖి తలపడింది. ఆ శాస్త్రాలు చదివినవారు కాబట్టే అది సాధ్యమైంది. కానీ అదే రమాబాయి 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదనం తెరిచి, తరవాత ముక్తి ఆశ్రమం నడిపినప్పుడు, అక్కడి స్త్రీలకు అచ్చుపని, నేత లాంటి బతుకుతెరువు విద్యలు నేర్పించారు. ప్రాచీన విద్య తన చేతికి ఆయుధమైనంత మాత్రాన, ఆకలితో వచ్చిన ప్రతి స్త్రీకీ అదే అన్నం అవుతుందని ఆమె అనుకోలేదు.

స్వతంత్రం వచ్చాక ఈ వాదన ప్రభుత్వ నివేదికల్లోకి ఎక్కింది. 1948-49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, చదువుకున్న స్త్రీలు లేనిదే చదువుకున్న ప్రజలుండరని గట్టిగా చెప్పింది. అయితే స్త్రీ పురుషుల చదువు అన్నిటా ఒకేలా ఉండనక్కరలేదంటూ గృహశాస్త్రం, నర్సింగు, టీచరు శిక్షణ, లలితకళల వైపు అమ్మాయిలను మళ్ళించాలంది. 1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన స్త్రీ విద్యపై జాతీయ సంఘం ఏర్పడి, మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. ఆ తరవాత హంసా మెహతా సంఘం ప్రత్యేకంగా ఈ ప్రశ్ననే తీసుకుని, 1962లో స్పష్టంగా తేల్చింది. ఆడపిల్లలన్న కారణంగా పాఠ్యప్రణాళిక వేరుగా ఉండకూడదంది. గృహశాస్త్రం అంత అవసరమైనదే అయితే మాధ్యమిక దశలో అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపి నేర్పమంది. కొఠారీ కమిషన్ దాన్ని సమర్థించింది.

హంసా మెహతా సంఘం ఇచ్చిన ఆ సూచనలో పాత తగాదాకు సగం పరిష్కారం ఉంది. అదే పరీక్ష అనే పక్షం మీద ఉన్న నిజమైన ఆక్షేపణ ఏమిటంటే, మగవాళ్ళు నిర్ణయించిన కొలబద్దనే అది ఒప్పేసుకుంటుంది. ఆడవాళ్ళు తరతరాలుగా ఎరిగిన వంట, వైద్యం, పిల్లల పెంపకం, విత్తనాల ఎంపిక లాంటి విద్యలు ఆ కొలబద్దలోకి రానేరావు. దానికి జవాబు ఆ విద్యలను ఆడపిల్లలకు మాత్రమే కట్టబెట్టడం కాదు. విలువైనవైతే అందరి చదువులోకీ తేవాలి. పనికిరాని గ్రీకునైనా అంతే, తీసేస్తే అందరికీ తీసేయాలి.

మిగతా సగం పరిష్కారం దుర్గాబాయి చేతల్లో ఉంది. రాజమండ్రిలో పుట్టిన ఆమె చిన్నప్పుడు బడి చదువు పూర్తి చేయలేకపోయారు. పెద్దయ్యాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాసి, ఆ తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్సు, మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు ఆగిపోయిన స్త్రీలను అదే బెనారస్ మెట్రిక్‌కు తయారు చేసింది. ఆమె తొలి అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, బడి మానేసిన పెద్దవయసు స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. ఇక్కడ జరిగింది చూడండి. పరీక్ష అందరిదే. ఆ పరీక్ష దాకా చేరే దారి మాత్రం వాళ్ళ జీవితాలకు తగినట్టు మార్చారు. పిల్లల తల్లులూ వితంతువులూ రోజంతా బడిలో పదేళ్ళు కూర్చోలేరు కాబట్టి కాలాన్ని కుదించారు, బోధన మార్చారు, వసతి ఇచ్చారు. ఎమిలీ డేవిస్ అడిగిన కొలబద్ద నిలిచింది, ఆన్ క్లఫ్ చూపిన కనికరమూ నిలిచింది. కేంబ్రిడ్జిలో విడివిడిగా నిలబడ్డ రెండు న్యాయాలూ ఇక్కడ ఒక్కచోట కలిశాయి.

అందుకని నా తీర్పు ఇది. ప్రాచీన విద్య విలువ గురించి సిడ్జ్‌విక్ మాట నెగ్గుతుంది. ఏ పాత భాషా, ఏ పాత గ్రంథమూ ప్రతి విద్యార్థికీ తప్పనిసరి కానక్కరలేదు. కానీ ఆడపిల్లలకు మాత్రమే వేరే చదువు అన్నచోట డేవిస్ మాటే నెగ్గుతుంది. చదువును మార్చే హక్కు, దాన్ని అందుకోగలిగినవారికే నిజంగా ఉంటుంది. దక్కనివారు వద్దనుకోవడానికీ, దక్కినవారు కాదనుకోవడానికీ ఎంతో తేడా ఉంది. ముందు తలుపు తెరవాలి. లోపల ఏం ఉంచాలో, ఏం తీసేయాలో ఆ తరవాత అందరూ కలిసి తేల్చుకోవాలి.

ఇది గతించిన ముచ్చట కాదు. ఇవాళ గ్రీకు స్థానంలో లెక్కలు, ప్రవేశపరీక్షలు, వాటి కోసం ఖరీదైన కోచింగు ఉన్నాయి. కొడుకును అప్పు చేసి హైదరాబాదు పంపే ఇంట్లోనే, కూతురికి ఊళ్ళో ఉన్న డిగ్రీ కాలేజీ చాలనే మాట ఇప్పటికీ వినబడుతుంది. పేద ఇళ్ళ ఆడపిల్లలకు కుట్టుమిషను నేర్పించి, అదే వాళ్ళకు తగిన చదువని తృప్తిపడే మంచివాళ్ళు మన చుట్టూ ఉన్నారు. మరోవైపు, భారతం, ప్రబంధాలు ఈ కాలం అమ్మాయిలకెందుకని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఆ పుస్తకాల్లో ఏముందో తెలిసి వద్దనుకునే అవకాశం వాళ్ళ అమ్మమ్మలకు లేదు. వీళ్ళకైనా ఉండాలి.

ఏ పాఠశాల కమిటీ, ఏ ప్రభుత్వం, ఏ ఇంటి పెద్ద అయినా ఆడపిల్లకు ఇది సరిపోతుంది అన్నప్పుడు, ఒక్క ప్రశ్న అడగండి. మీ అబ్బాయికి కూడా ఇదే సరిపోతుందా? అవునంటే ఆ చదువు పెట్టండి, ఇద్దరికీ పెట్టండి. కాదంటే, ఆడపిల్లకు కూడా అది సరిపోదు.